నల్లపూసల సంగతి రాసిన పేజీ

మా ప్లెయిన్స్‌బరో అపార్ట్‌మెంట్లలో ఒక కథ తప్పుగా తిరుగుతోంది. పక్కింటి అంకుల్‌కి పెద్దవాళ్ళతో పరిచయాలున్నాయని, ఆ పలుకుబడితోనే బెల్జియంలో ఉన్న ఆయన తమ్ముడి కూతురికి అక్కడి ఫౌండేషన్ ఒకటి డబ్బు ఇచ్చిందని అందరూ చెప్పుకుంటున్నారు. అంకుల్ ఆ మాట కాదనడం లేదు. నిజం ఆంటీకి తెలుసు. కానీ పార్కిన్సన్స్ వల్ల ఆవిడ గొంతు బాగా సన్నబడింది, నలుగురిలో చెబితే ఎవరికీ వినపడదు. ఇక మిగిలింది నేను. అందుకే రాస్తున్నాను.

నేను పెద్ద చదువులు చదవలేదు. ఇంటర్ కాగానే పెళ్ళయింది, మా ఆయన ఉద్యోగం ఇక్కడికి, అమెరికాకి, తెచ్చింది. నా వీసా మీద చాలా ఏళ్ళు పని చేయడానికి వీల్లేకపోయింది. డ్రైవింగ్ రాదు. నడిచి వెళ్ళగలిగిన చోటు పబ్లిక్ లైబ్రరీ ఒక్కటే. మొదట పిల్లల బొమ్మల పుస్తకాలు చదివాను, తర్వాత వంటలవి, తర్వాత మనిషి శరీరం గురించి, ఆ తర్వాత ఏది చేతికి తగిలితే అది. తెలియని మాటలు నోటుబుక్కులో రాసుకునేదాన్ని. అలాంటివి ఇప్పటికి పదిహేడు నిండాయి. ఈ సంగతి చెప్పుకోవడానికి నాకు మొహమాటం లేదు.

అంకుల్ మందుల కంపెనీలో కెమిస్టుగా చేసి రిటైరయ్యారు. ఆంటీకి జబ్బు ముదిరాక ముద్ద నోట్లో పెట్టుకుని మింగడం మరిచిపోయేది. మరిచిపోయిన ముద్ద ఒక్కోసారి ఊపిరి గొట్టంలోకి జారి, దగ్గు తెరలు తెరలుగా వచ్చేది. అందుకని అంకుల్ ప్రతి భోజనానికీ పక్కనే కూర్చుని, ముద్ద పెట్టిన కాసేపటికి ఆవిడ మణికట్టు మీద రెండు వేళ్ళతో మెల్లగా తట్టేవారు. ఆవిడ మింగేది.

ఒక వేసవిలో వాళ్ళిద్దరూ బెల్జియం వెళ్ళినప్పుడు ఆ అమ్మాయి ఇది చూసింది. ఆమె ఇంజనీరు. పెదనాన్న వేళ్ళు చేసే పనిని ఒక చిన్న పరికరం చేయలేదా అనుకుంది. మెడకి అంటించుకునే ప్యాచ్ ఒకటి తయారు చేసింది. అది గొంతు కదలికను వింటుంది. నోట్లో పెట్టుకున్నది మింగకపోతే చేతికున్న బ్యాండ్ సన్నగా అదురుతుంది. ఇద్దరు స్నేహితులతో కలిసి చిన్న కంపెనీ పెట్టింది.

ఆ తర్వాత బండి ఆగిపోయింది. బ్యాంకు తాకట్టు అడిగింది. పెట్టుబడి పెట్టేవాళ్ళు ముందు రోగుల మీద పరీక్షించి రమ్మన్నారు. పరీక్షించడానికే డబ్బు లేదు. మిగిలిన దారి ఆ ఫౌండేషన్‌కి దరఖాస్తు పెట్టడం ఒక్కటే. అది కూడా కాదంటే కంపెనీ మూసేసి ముగ్గురూ ఉద్యోగాలు వెతుక్కోవాలి.

దరఖాస్తు బాధ్యత అంకుల్ తన నెత్తిన వేసుకున్నారు. అందులో ఒక పేజీ, ఆ రంగం తెలియని మామూలు మనిషికి కూడా అర్థమయ్యేలా ఉండాలట. ఒక సాయంత్రం కాగితాలు పట్టుకుని మా తలుపు కొట్టారు.

"నువ్వు బాగా చదువుతావు కదమ్మా. ఇది అర్థమవుతుందో లేదో చూసి చెప్పు."

చదివాను. మొదటి పేరా అంతా ఫౌండేషన్‌కి నమస్కారాలే. తర్వాత అమ్మాయి ర్యాంకులు, గోల్డ్ మెడల్. వెనక తెలుగు సంఘాల అధ్యక్షులు ఇచ్చిన సిఫారసు ఉత్తరాలు. ప్యాచ్ గురించి చివర్లో నాలుగు లైన్లు.

చూసి చెబుతానని కాగితాలు ఉంచుకున్నాను. మర్నాడు లైబ్రరీకి వెళ్ళి, అసలు ఇలాంటి ఫౌండేషన్లు ఏం చూసి డబ్బు పెడతాయో చెప్పే పుస్తకం కావాలని అడిగాను. మా లైబ్రరీలో లేకపోతే వేరే కౌంటీ నుంచి తెప్పించారు. వారం రోజులు ముందేసుకుని కూర్చున్నాను. అప్పుడు తెలిసింది. ఇది విరాళం కాదు. ల్యాబ్‌కీ ఆసుపత్రికీ మధ్య ఎవరూ కాలు పెట్టని జాగా ఒకటుంది, అక్కడ పెట్టిన డబ్బు పోవచ్చని తెలిసే వాళ్ళు పెడతారు. పరికరం గెలిస్తే ఆ డబ్బు తిరిగి వెళ్ళి ఇంకొకరికి అందుతుంది, లైబ్రరీ పుస్తకం లాగా. ఓడిపోతే అడగరు. అందుకే ఎక్కడ ఓడిపోవచ్చో ముందే తెలుసుకోవాలనుకుంటారు.

శనివారం వాళ్ళ డైనింగ్ టేబుల్ దగ్గర కూర్చున్నాం. ఫోన్‌లో వీడియో కాల్ మీద అమ్మాయి కూడా ఉంది.

"అంకుల్, ఏమనుకోవద్దు. ఇది పెళ్ళి సంబంధానికి పంపే బయోడేటా లెక్క ఉంది," అన్నాను.

ఆంటీ భుజాలు అదిరాయి. ఆవిడ నవ్వు అలాగే ఉంటుంది ఇప్పుడు.

"బయోడేటా ఏంటమ్మా! పిల్ల గోల్డ్ మెడలిస్టు. చెప్పొద్దా?"

"చెప్పున్రి, ఒక్క లైన్ చాలు. కానీ ఆ ప్యాచ్ యాడ ఫెయిలయిందో ఒక్క ముక్క లేదు గదా."

"ఫెయిలయిందంటే ఎవరైనా ఇస్తారా? ల్యాబ్ రిపోర్టులో అన్నీ రాస్తాం. చెయ్యి చాచే కాగితంలో రాయం."

"మనం చెయ్యి చాచుతలేం అంకుల్. వాళ్ళకు కావాల్సిందే అది," అని పుస్తకంలో గుర్తు పెట్టుకున్న పేజీ తీసి చూపించాను. ఆయన కళ్ళద్దాలు సర్దుకుని చదివారు.

ఫోన్‌లోంచి అమ్మాయి అంది: "అక్కా, నల్లపూసల సంగతి చెప్పారా పెదనాన్న?"

"అదెందుకు ఇప్పుడు?" అన్నారు అంకుల్.

అమ్మాయే చెప్పింది. మరుసటి వేసవిలో వీళ్ళు మళ్ళీ వెళ్ళినప్పుడు మొదటిసారి ఆంటీ మెడకి ప్యాచ్ పెట్టి భోజనానికి కూర్చోబెట్టారట. ఆంటీ బుగ్గన ముద్ద పెట్టుకుని టీవీ చూస్తూ కూర్చుంది. ప్యాచ్‌కి కలిపిన కంప్యూటర్ మాత్రం ఆవిడ గబగబా మింగుతోందని చూపించింది. చూస్తే, మెడలో నల్లపూసలు కదిలినప్పుడల్లా ప్యాచ్‌కి తగులుతున్నాయి. ఆ చప్పుడునే అది మింగడం అనుకుంది. అంతకుముందు స్నేహితుల మెడల మీదే చూశారు, వాళ్ళ మెడల్లో ఏమీ లేవు. కాసేపు తీయమంటే ఆంటీ ససేమిరా అంది.

"తీసేస్తే బాగానే పనిచేస్తుంది," అన్నారు అంకుల్. "మనింటి ఆడవాళ్ళ మెడలోవి వాళ్ళకెందుకు చెప్పడం?"

"అక్కడి ముసలమ్మలు శిలువ గొలుసులు వేసుకోరా అంకుల్? స్కార్ఫులు కట్టుకోరా? అందరికీ ఇదే అవుతది. మనకు ముందు తెలిసింది, అంతే."

ఆంటీ ఏదో అంది. వినపడక అంకుల్, నేను దగ్గరికి వంగాం. అమ్మాయి కూడా అక్కడ ఫోన్ చెవి దగ్గర పెట్టుకుంది.

"రాయండి," అంది ఆంటీ. "నేను తియ్యనన్నానని కూడా రాయండి." కాస్త ఊపిరి తీసుకుని అంకుల్ వైపు చూసింది. "కట్టింది మీరే, దాచేదీ మీరేనా?"

అంకుల్ చాలాసేపు టేబుల్ క్లాత్ సరిచేశారు. తర్వాత లాప్‌టాప్ తెరిచారు.

ఆ పేజీ మేం నలుగురం కలిసి రాశాం. ఆయన చెప్పేవారు, నేను కష్టమైన మాటలు తీసేసేదాన్ని, అమ్మాయి తప్పులు దిద్దేది. ఆంటీకి చదివి వినిపించేవాళ్ళం. ఆవిడకి బోరు కొడితే కళ్ళు మూసుకునేది, అప్పుడు ఆ వాక్యం కొట్టేసేవాళ్ళం. సిఫారసు ఉత్తరాలన్నీ పక్కన పెట్టారు అంకుల్. ఒకటి మాత్రం ఉంచుదామని బతిమాలారు. ఆంటీ కళ్ళు మూసుకుంది.

జవాబు రావడానికి నెలలు పట్టింది. ఫౌండేషన్ వాళ్ళు అమ్మాయిని పిలిచి మాట్లాడినప్పుడు ఎక్కువసేపు ఆ పూసల గురించే అడిగారట. చివరికి రోగుల మీద మొదటి పరీక్షకి డబ్బు పెడతామన్నారు. ఒక షరతుతో: వచ్చేవాళ్ళు ఇంట్లో ఎలా ఉంటారో అలాగే, గొలుసులతో, స్కార్ఫులతో రావాలి. ఆ కబురు చెబుతూ అమ్మాయి ఏడ్చింది. "గుడ్, గుడ్," అని అంకుల్ ఫోన్ నా చేతిలో పెట్టి వంటింట్లోకి వెళ్ళి, కుళాయి తిప్పి, గిన్నె ఏదీ తీసుకోకుండా అలాగే నిలబడ్డారు.

పరీక్ష ఇంకా నడుస్తోంది. గెలుస్తుందని నేను చెప్పలేను, పుస్తకం కూడా అలా చెప్పలేదు.

తమ పేర్లు రాయొద్దని అందరూ అన్నారు కాబట్టి నేను పిలిచే పిలుపులతోనే కృతజ్ఞతలు చెప్పుకుంటాను. కౌంటీ దాటించి పుస్తకం తెప్పించిన లైబ్రరీ మేడమ్‌కి, గడువు దాటినా ఏమీ అననందుకు కూడా. ఆ వారమంతా పప్పుచారుతో సరిపెట్టుకున్న మా ఆయనకి. నన్ను అక్కా అని పిలిచి, పెదనాన్నకి ఎదురు చెప్పిన చెల్లెలికి. మేం ఎప్పుడూ చూడని ఆ ఫౌండేషన్ మనుషులకి, ర్యాంకులు వదిలేసి పూసల గురించి అడిగినందుకు. ఆంటీకి, తియ్యనన్నందుకు.

అంకుల్‌కి మాత్రం కృతజ్ఞతలు ఇందాకే ఎదురుగా చెప్పి వచ్చాను. ఆయన తల ఊపారు గానీ ఇటు తిరగలేదు. ఆంటీ నోట్లో ముద్ద ఉంది. ఆయన రెండు వేళ్ళూ ఆవిడ మణికట్టు మీద ఉన్నాయి.