అక్క గీసిన చెనిక్కాయ పూత అంచు

నిన్న పొద్దున కాఫీ తాగి కంప్యూటర్ ముందు కూర్చుంటే తెర మీదికి మళ్ళీ ఒక కబురు వచ్చింది. ఈ ఆపరేటింగ్ సిస్టంకు కాలం చెల్లిందట, ఇక దీనికి రక్షణ ఉండదట, కొత్తదానికి నా యంత్రం సరిపోదు కాబట్టి యంత్రాన్నే మార్చుకుంటే మంచిదట. కింద రెండు బొత్తాలు, ఒకటి ఇప్పుడే అని, రెండవది తర్వాత గుర్తుచేయమని. వద్దు అనే బొత్తం మాత్రం ఎంత వెతికినా లేదు. మన వయసువాళ్ళకు వేరే చెప్పనక్కరలేదు, ఒకప్పుడు దుకాణంలో వస్తువు కొని ఇంటికి తెచ్చుకుంటే అది మనదయ్యేది, కొన్నాక దాని జోలికి కంపెనీవాడు వచ్చేవాడు కాదు. నాకు కోపం రావలసిన చోట ఏడుపు వచ్చింది. అరవై నాలుగేళ్ళ మనిషి కంప్యూటర్ చూసి కళ్ళు తుడుచుకోవడమేమిటని మా ఇంటామె వంటింట్లోంచి తొంగి చూసింది గానీ, కారణం తనకూ తెలుసు కాబట్టి మళ్ళీ పొయ్యి దగ్గరికి పోయింది.

మాది ధర్మవరం. మా నాయన మగ్గం నేసినవాడు కాదు, పట్టుచీరల అంచులకు గ్రాఫు గీసేవాడు. చీర అంచులో పువ్వు పడాలంటే ముందు దాన్ని గళ్ళ కాగితం మీద గడి గడిగా ఎర్ర సిరాతో నింపాలి, ఆ గళ్ళను బట్టి అట్టలకు రంధ్రాలు కొడతారు, ఆ అట్టలు మగ్గం పైన తిరుగుతుంటే ఏ దారం లేవాలో ఏది పడుకోవాలో మగ్గానికి తెలుస్తుంది. ఒక్క గడి తప్పితే చీర పొడుగునా ఆ తప్పు పడుతుంది. నాయనకు చేయి వణకడం మొదలయ్యాక ఆ పని మా అక్క అందుకుంది. నాకంటే ఆరేళ్ళు పెద్దది, బడికి వెళ్ళింది ఐదో తరగతి దాకానే, అయినా గళ్ళ కాగితం ముందు కూర్చుంటే చుట్టూ ఏం జరుగుతున్నా ఆమెకు పట్టేది కాదు, పిలిస్తే పలికేది కూడా కాదు.

నల్లచెరువు దగ్గర మా అవ్వగారి ఊరు. వానలు పడ్డ ఏడు అక్కడికి పోయి వచ్చిన అక్క ఒక కొత్త అంచు గీసింది. చెనిక్కాయ చేను, అదే వేరుశనగ చేను, పూతకు వచ్చినప్పుడు చూశారా, పసుపు పువ్వు పైన ఉంటుంది, దాని కిందనుంచి సన్నని ఊడ దిగి మట్టిలోకి పోతుంది, కాయ అక్కడ కడుతుంది. ఆ పువ్వునూ ఊడనూ మట్టి కింది కాయనూ మూడు వరుసల్లో అంచుగా దింపింది. నాయన చూసి నవ్వాడు, పెళ్ళిచీర మీద చెనిక్కాయ బుడ్డలు ఎవరు కట్టుకుంటారే పిచ్చిదానా అన్నాడు. కానీ ఆ అంచు ఎన్నో ఏళ్ళు నడిచింది. అక్కకు పెనుకొండలో పెళ్ళయ్యాక కూడా నేను ప్యాసింజర్‌లో గళ్ళ కాగితాలు తీసుకుపోయి ఇచ్చేవాణ్ణి, ఇంటి పని తీరాక గీసి పెట్టేది, వారం తర్వాత పోయి తెచ్చుకునేవాణ్ణి.

ఆ తర్వాత కంప్యూటర్ల కాలం వచ్చింది. నేను హిందూపురంలో రైల్వే స్టేషన్ దగ్గర ఒక ఇన్‌స్టిట్యూట్‌లో నేర్చుకున్నాను, అక్కడే ఒక దుకాణంలో విడిభాగాలు కలిపించి యంత్రాన్ని కట్టించుకున్నాను. ఆ బరువైన మానిటర్‌ను దుప్పటిలో చుట్టి, హిందూపురం నుంచి ధర్మవరం దాకా ఒళ్ళో పెట్టుకుని వచ్చాను, పక్కన కూర్చున్న ముసలాయన అందులో దేవుడి విగ్రహం ఉందనుకుని దణ్ణం పెట్టుకున్నాడు. అప్పటి ఆపరేటింగ్ సిస్టం మీకూ గుర్తుండే ఉంటుంది. బొత్తం నొక్కితే మెల్లగా లేచేది, చెప్పిన పని చేసేది, పని లేకపోతే నోరు మూసుకుని ఉండేది. ఇప్పటిదానిలా వాతావరణం చెప్పడం, ఎవరో సినిమావాళ్ళ కబుర్లు చూపడం, నీ ఫోటోలు మా దగ్గర దాస్తామని వెంటపడటం దానికి చేతకాదు. ఇంటర్నెట్ లేదు కాబట్టి దానికి లోకం తెలియదు, లోకానికి అది తెలియదు. ఆ రోజులు ఎంత నెమ్మది!

చీరల డిజైన్ల కోసం వేరే సాఫ్ట్‌వేర్ ఉండేది. దాన్ని తయారుచేసినాయన ఒక్కడే మనిషి, స్వయంగా వచ్చి ఎక్కించి, తన దగ్గరుండే ఏదో సంఖ్య కొట్టి అనుమతి ఇచ్చి పోయేవాడు. మొదటి యంత్రం చెడి రెండవది కొన్నప్పుడు కూడా ఆయనే వచ్చాడు. అక్క గీసిన అంచులన్నీ అందులోకి ఎక్కించాలని నాకు పట్టుదల పుట్టింది. అక్క పెనుకొండ నుంచి వచ్చి రెండు నెలలు మా ఇంట్లో ఉంది. కాగితం ఒళ్ళో పెట్టుకుని, మూడు నింపు, రెండు ఇడువు, ఒకటి నింపు అని ఆమె చదువుతుంటే నేను మౌస్‌తో గడి గడి నింపేవాణ్ణి. నా జీవితంలో అంత సంతోషంగా చేసిన పని మరొకటి లేదు.

అన్నీ ఎక్కించాక నేను చేసిన ఘనకార్యం ఏమిటంటే, ఆ కాగితాలను నీళ్ళ పొయ్యిలో పెట్టేశాను. చెదలు పట్టినవి, అంచులు పొడైపోతున్నవి, కంప్యూటర్లో భద్రంగా ఉన్నాక ఈ చెత్త ఎందుకనుకున్నాను. అక్క పక్కనే ఉంది, వద్దనలేదు, నా మీద అంత నమ్మకం. మీరు అడగవచ్చు, నేసిన చీరలైనా లేవా అని. నేసినవాళ్ళ ఇళ్ళలో పట్టుచీరలు ఎక్కడుంటాయి? అవి ఎవరెవరి పెళ్ళిళ్ళకో పోయాయి. అక్క పెళ్ళిచీర ఒక్కటి ఉండేది, మడతల్లో చిరిగితే జరీ కొనేవాడికి ఇచ్చేశారు.

ఇక బ్రాడ్‌బ్యాండ్ సంగతి. మా వీధిలో అందరికంటే ఆలస్యంగా పెట్టించుకున్నది నేనే. స్తంభం నుంచి స్తంభానికి తీగ లాక్కుంటూ వచ్చి మా గోడకు రంధ్రం కొట్టినతను పాటలు, సినిమాలు, మనవళ్ళతో మాటలు, అన్నీ ఇందులోనే వస్తాయని ఊరించాడు. పెనుకొండలో అక్క వాళ్ళింటికి వచ్చిన తీగను కోతులు రెండు రోజులకొకసారి తెంపేవి, మా బావ ఆ కోతులను తిట్టేవాడు. ఆ కోతులే తెలివైనవని ఇప్పుడు నాకనిపిస్తుంది. మా గోడకు రంధ్రం కొట్టినతను నా డిజైన్ కంప్యూటర్‌కు కూడా తీగ పెడతానంటే, పెట్టు నాయనా అన్నాను. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అని పెద్దలు ఊరికే అన్నారా?

తీగ పెట్టిన వారానికే ఆయుధ పూజ వచ్చింది. మా వైపు ఆ రోజు మగ్గాలు కడిగి, విభూతి పట్టెలు పెట్టి, పూలు వేసి పూజ చేస్తారు. పూజలో పెట్టిన పనిముట్టును మరునాడు హారతి ఇచ్చేదాకా ముట్టకూడదు. నాయన ఉన్నన్నాళ్ళు సిరాబుడ్డీ కలమూ అట్లాగే పెట్టాం, తర్వాత వాటి చోట కంప్యూటర్ వచ్చింది. తెర ఆర్పేసి పూజ చేయడం మా ఇంటామెకు ఇష్టముండదు, నల్లటి తెరకు దండ వేస్తే పీనుగకు వేసినట్టుందంటుంది. అందుకని ఏటా యంత్రాన్ని వెలిగించి, తెర నిండా అక్క గీసిన చెనిక్కాయ పూత అంచును పెట్టి, దానికే కుంకుమ పెట్టి టెంకాయ కొట్టేవాళ్ళం.

పూజ అయిన గంటకు ఆ అంచు మీదికి ఒక తెల్లని డబ్బా వచ్చి నిలిచింది. కొత్త ఆపరేటింగ్ సిస్టం సిద్ధంగా ఉంది, ఫలానా సమయానికి మొదలుపెడతాం, వద్దనుకుంటే చెప్పండి అని దాని భావం. పక్కన నిమిషాలు తగ్గుతున్నాయి. మా ఇంటామె పూలు సర్దుతూ చూసి పిలిచింది. ఇదేందో అడుగుతాండాదే, ఒకసారి చూడకూడదా అంది. నేను చూశాను. చదివాను కూడా. ఒక్కసారి మౌస్ కదిపి నొక్కితే ఆగేది. పూజలో ఉన్నదాన్ని ముట్టుకుంటారా, ఏమడిగినా రేపు చెబుదాంలే అని ఇవతలికి వచ్చేశాను. మౌనం అర్ధాంగీకారమన్నది మన సామెతే గానీ, దాన్ని అక్షరాలా పాటించేది ఆ కంపెనీవాళ్ళే.

మరునాడు హారతి పళ్ళెంతో పోయి చూస్తే తెర నీలంగా ఉంది, నమస్కారం చెబుతోంది, అంతా మీకోసం సిద్ధం చేశామంటోంది. అక్క అంచుల ఫైళ్ళు పేర్లతో సహా ఉన్నాయి, డిజైన్ సాఫ్ట్‌వేర్ మాత్రం ఎంత నొక్కినా తెరుచుకోలేదు. కంప్యూటర్‌ను బస్సులో వేసుకుని హిందూపురం పరిగెత్తాను. అక్కడి మెకానిక్ మంచివాడు, రెండు రోజులు కుస్తీ పట్టి పాత ఆపరేటింగ్ సిస్టంనే వెనక్కి తెచ్చాడు. తెస్తే సాఫ్ట్‌వేర్ లేచి అనుమతి సంఖ్య అడిగింది. ఆ సంఖ్య ఇచ్చేవాడికి ఫోన్ చేస్తే ఎవరో ఆడమనిషి ఎత్తి, ఆయన పోయి రెండేళ్ళయిందని చెప్పింది. ఆయన తప్ప ఆ ఫైళ్ళ లోపలి గుట్టు తెలిసినవాడు లేడు. ఆగల్లప్పా, ఇది నా చేత ఆగల్ల అని ఆ మెకానిక్ తన హిందూపురపు కన్నడంలో చేతులెత్తేశాడు. తిరుగు బస్సులో ఆ పెట్టెను కాళ్ళ దగ్గర పెట్టుకుని, అక్కకు ఏం చెప్పాలా అని మాత్రమే ఆలోచించాను.

ఏమీ చెప్పలేదు. ఈ కథలో నేను చేసిన అసలు పాపం అదే, పొయ్యిలో కాగితాలు పెట్టడం కాదు, పూజ రోజు ముట్టకపోవడమూ కాదు. ఎవరో ఒకరు తెరవకపోతారా, బాగయ్యాకే చెబుదామని నీళ్ళు నమిలాను. అక్క ఫోన్ చేసినప్పుడల్లా నా గళ్ళు బాగుండాయా రా అని అడిగేది, బాగున్నాయక్కా అనేవాణ్ణి. ఏళ్ళు గడిచాయి. షుగర్ వల్ల అక్కకు చూపు తగ్గుతూ వచ్చి, రెండేళ్ళ కిందట పూర్తిగా పోయింది. అయినా ఆ ప్రశ్న మానలేదు, నా అబద్ధమూ మారలేదు.

ఈ వేసవిలో అక్క మనవరాలికి పెళ్ళి కుదిరింది. ముహూర్తం చీర చెనిక్కాయ పూత అంచుతోనే నేయించాలని అక్క పట్టుబట్టి, ఆ పువ్వు ఎట్లుంటుందో, ఊడ ఎట్లా దిగుతుందో ఆ పిల్లకు వేళ్ళతో గాలిలో గీసి చూపించిందట. నేయడానికి రెండు నెలలైనా పడుతుంది, ఇక దాచడానికి దారి లేదు. పెనుకొండ పోయాను. అక్క మంచం మీద కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. ఎదురుగా కూర్చుని మొత్తం చెప్పాను, తిట్టినా కొట్టినా మేలనుకున్నాను. ఆమె చేతులు ఆగాయి. ఎన్నేండ్లాయ రా అని అడిగింది. ఎనిమిదేళ్ళన్నాను.

"అప్పుడు నాకు చూపుండె గదరా," అంది. "ఆ దినమే చెప్పింటే మళ్ళా గీసిచ్చింటాను గదరా."

ఎనిమిదేళ్ళుగా నాకు ఆ మాట తట్టనే లేదంటే మీరు నమ్మాలి. ఫైలు ఎట్లా తెరవాలా అని ఎందరెందరినో అడిగాను, గీసిన మనిషి పెనుకొండలో కళ్ళతో, చేతులతో కూర్చుని ఉందన్నది మరిచాను. యంత్రంలో పోయింది యంత్రంలోనే దొరకాలనుకున్నాను. అక్క పాదాలు పట్టుకుని ఏడ్చాను. ఆమె నా తల మీద చేయి వేయలేదు, తోసేయనూ లేదు, కాసేపటికి మళ్ళీ గింజలు తీయసాగింది.

పెళ్ళికి చీర ధర్మవరంలోనే ఒక పెద్ద దుకాణంలో కొన్నారు. నేనూ పోయాను, అక్కనూ పట్టుకుని తీసుకొచ్చారు. అందరికీ నచ్చిన చీరను ఆమె ఒళ్ళో పెట్టారు. అక్క అంచు మీద బొటనవేలితో మెల్లగా పొడుగునా తడిమి, నేత గట్టిగా ఉండాదని మెచ్చుకుని, ఈ అంచు గీసిందెవరప్పా అని అడిగింది. చీరలు పరిచే ఆయనకు ఆ ప్రశ్నే అర్థం కాలేదు. రెండోసారి అడిగితే, ఎవరూ గీయరవ్వా, ఇప్పుడు కంప్యూటరే గీస్తుంది అన్నాడు. నేను తల దించుకున్నాను.

మన కాలంలో ధర్మవరంలో అంచును చూసి ఇది ఫలానా ఇంటి చేయి అని చెప్పగలిగినవాళ్ళు వీధికి పదిమంది ఉండేవాళ్ళు, చీర కొనేముందు ఆ మాట అడిగే ఆడవాళ్ళూ ఉండేవాళ్ళు. ఇప్పుడు ఊరు పెరిగింది, దుకాణాలు పెరిగాయి, నేను బతికి ఉండగా చూస్తాననుకోని రంగులు వచ్చాయి. ఆ రోజు అంత పెద్ద దుకాణంలో, అన్ని వందల చీరల మధ్య, ఇది గీసిన మనిషి ఎవరని అడిగింది చూపులేని మా అక్క ఒక్కతే.