మిర్చి కోతకు పోయినవాడు

ఇప్పపువ్వు రాలే రోజుల్లో మా బాసగూడ వైపు తెల్లవారుజాము గాలికి కూడా కొంచెం మత్తు ఉంటుంది. నిద్ర పూర్తిగా వదలకముందే ఆ వాసన ఇంట్లోకి వస్తుంది. తట్ట పట్టుకుని చేనువైపు పోతుంటే, నేను నడుస్తున్నానో, కలలో దారే నా కాళ్ల కింద నుంచి జరుగుతోందో తెలియదు.

మా చేని గట్టు మీదున్న ఇప్పచెట్టు మాకూ మా బావకూ ఉమ్మడి. బావ అంటే నా భార్యకు అన్న. పువ్వు రాలడం మొదలవకముందే చెట్టు కింద ఎండాకు ఊడ్చి, కుప్ప చేసి, నిప్పు పెట్టాలి. అప్పుడే నల్లటి నేల మీద పువ్వు తెల్లగా కనపడుతుంది. ఆ నిప్పు రెండిళ్లవాళ్లం కలిసి పెట్టాలి, పువ్వు కలిసి ఏరాలి. ఒక ఇల్లు రాకపోతే రెండో ఇల్లు ముట్టకూడదు. అది మా మామల కాలం నుంచి వస్తున్న కట్టుబాటు.

ఊళ్లోకి టవర్ వచ్చాక బావకీ నాకూ ఫోన్లో ప్రపంచమంతా దొరికింది. ఆ ఏడు ఏదో దూరదేశంలో జనం రోడ్ల మీదికి వచ్చారు. దేశాన్ని ఏలేవాడు పారిపోయాడు. కుర్రవాళ్లు వాడి బంగళాలోకి దూరి పరుపులు, పంకాలు మోసుకుపోతుంటే మేమిద్దరం అరుగు మీద కూర్చుని మళ్లీ మళ్లీ చూశాం. అది విప్లవమని బావ. కాదు, పటాలమోళ్ల కుట్ర అని నేను. పొద్దున మొదలుపెడితే అన్నం దగ్గర కూడా అదే. "మీకిద్దరికీ ఆ దేశంల పట్టా భూములేమన్న ఉన్నయా ఏంది?" అని నా భార్య నవ్వేది.

మా వైపు విప్లవమన్న మాట ఇంటి అరుగు దాటదు. అడవిలోకి వెళ్లిపోయినవాళ్లను కూడా 'లోపలోళ్లు' అంటాం, అంతే. నా భార్య తమ్ముడు చాలా ఏళ్ల కింద ఒక వానాకాలంలో అలా వెళ్లాడు. అడిగినవాళ్లకు బావ ఒకటే చెప్పేవాడు: తెలంగాణకు మిర్చి కోతకు పోయిండు, ఆడనే పని దొరికింది. నిజమేమిటో ఊరందరికీ తెలుసు. అయినా అందరూ తలూపి, "అటు కూలి మంచిగ ఇస్తరు" అనేవాళ్లు. ఆ ఒక్క మాట మీద ఒక ఇల్లు నిలబడి ఉంది.

వాదన అంగట్లోకి తెచ్చింది నేనే. చాయ్ బండి దగ్గర పది మంది ముందు బావను గెలకాలనిపించింది.

"ఏంది బావా, మీ జనం గెలిచిన్రంటివి? టీవీల మాట్లాడింది పటాలపు వర్దీ ఏసుకున్నోడు గదా!"

బావ చాయ్ ఊదుకుంటూ తాపీగా అన్నాడు. "దున్నింది నేను, నాటింది నేను. రాత్రికి అడవిపంది పడి తిన్నది. అంతమాత్రాన నేను సేసింది సాగు కాకపాయెనా?"

జనం పకపకా నవ్వారు. "నువ్వు గూడ చెప్పు మరి, చెప్పు" అని ఎవరో నన్ను ఎగదోశారు. పది మంది నవ్వేసరికి నాకు ఒళ్లు మండింది.

"ఇట్ల విప్లవం విప్లవమనే గదా నీ తమ్ముడు అడివిల పడిపాయె. నువ్వు గూడ పోరాదు!"

నవ్వులు ఆగిపోయాయి. పక్క కొట్లో టమాటాలు బేరం చేస్తున్న, ఊరి పక్క పోలీసు క్యాంపు జవాన్లలో ఒకడు తలతిప్పి చూశాడు. వాళ్లలో మా మాట అర్థమయ్యే తెలుగువాళ్లూ ఉంటారు. బెంచీ మీదివాళ్లు ఒక్కొక్కరే లేచిపోయారు. బావ సగం చాయ్ గ్లాసు బండి మీద పెట్టి, నావైపు చూడకుండా వెళ్లిపోయాడు.

ఆ రాత్రి నా భార్య ఒక్క మాటే అంది: "మా అన్న మీద గెలవనీకి మా తమ్మున్ని అంగట్ల పెట్టినవ్."

పువ్వు రాలడం మొదలైంది. బావ నిప్పు పెట్టడానికి రాలేదు. నేను రోజూ ఖాళీ తట్టతో వెళ్లి చెట్టు కింద కూర్చునేవాణ్ని. ఊడ్వని ఆకుల మీద పువ్వు టప్పు టప్పుమని రాలేది. మంచులో ఆ చప్పుడు వింటుంటే చెట్టు చుట్టూ ఎవరో మెత్తటి అడుగులతో తిరుగుతున్నట్టుండేది. తలెత్తి చూసేవాణ్ని. ఎవరూ ఉండేవాళ్లు కాదు. క్షమించమని బావ ఇంటికి పోవచ్చు. కానీ నేను పాడుచేసింది అతని ఇంట్లో కాదు, అంగట్లో.

తర్వాతి అంగడినాడు బావ చాయ్ బండికి దూరంగా, విత్తనాల కొట్టు ముందు నిలబడి ఉన్నాడు. అతనికి వినపడేలా చాయ్‌వాడితో గట్టిగా అన్నాను.

"మా చిన్న బామ్మర్ది ఫోన్ జేసిండే! మిర్చి కోత ఇంకా అయిపోలేదంట. మొన్న నేను తాగినట్టు ఏందేందో ఒర్రిన గని, నా నోట్ల మన్ను వడ."

అప్పుడు బెంచీ చివరి ముసలాయన గొంతు సవరించుకున్నాడు. "అవునవును. ఈసారి అటు మిర్చి బాగ కాసిందంట."

"కూలి గూడ పెంచిన్రంట" అన్నాడు ఇంకొకడు.

"సేటు మంచోడే దొరికిండు పిల్లగానికి" అని చాయ్‌వాడు పాలు కలిపాడు. అలా తలా ఒక మాట వేసి, నేను కూలగొట్టినదాన్ని వాళ్లు మళ్లీ నిలబెట్టారు. బావ విత్తనాల సంచి భుజానికెత్తుకుని ఇంటిదారి పట్టాడు.

మర్నాడు తెల్లవారకముందే చెట్టు కింద పొగ కనపడింది. బావ ఆకు ఊడ్చి కుప్ప చేసి, ఒక మూల చిన్న మంట రగిల్చి, మిగతా కుప్ప నాకోసం ఉంచాడు. నేనూ నిప్పు పెట్టాను. నేల చల్లారేదాకా కూర్చుని, అప్పుడు రాలుతున్న ఆఖరి పువ్వు ఏరడం మొదలుపెట్టాం. తట్ట అడుగు నిండాక బావ తల వంచుకునే అడిగాడు.

"ఏమన్నడు ఫోన్ల?"

అబద్ధమని అతనికి తెలుసు. అతనికి తెలుసని నాకూ తెలుసు.

"మంచిగనే ఉన్ననన్నడు బావా. నిన్నడిగిండు."

ఒక పువ్వు తీసి, బూడిద ఊది, తట్టలో వేశాడు. "అడగకపోయినవా, అది విప్లవమో కుట్రనో? వాడైతే చెప్తుండె."

"ఈసారి చేస్తే అడుగుత" అన్నాను.

"అడుగు" అన్నాడు బావ, తట్ట నావైపు జరుపుతూ.