గోడకు వీపు పెట్టిన దొర

అమెరికాలోని బెంటన్‌విల్‌లో కాపురం పెట్టిన మొదటి ఏడాదంతా నేను కాలుగాలిన పిల్లిలా తిరిగాను. ఆ రోజుల్లో డిపెండెంట్ వీసా మీద వచ్చిన భార్యలు ఉద్యోగం చేయడానికి వీల్లేదు. నాకు కారు నడపడమూ రాదు. మా ఆయన ఆఫీసుకు వెళ్ళాక వంటింట్లోంచి కిటికీ దగ్గరికి, కిటికీ దగ్గర్నుంచి వంటింట్లోకి నడవడమే నా పని. నా అవస్థ చూసి కాబోలు, పక్కింటి అమెరికన్ ముసలావిడ ఒకరోజు పిలిచింది. ఆవిడకు చూపు బాగా మందగించింది. రోజూ వచ్చి తన పూర్వీకుడి కథ చదివి పెట్టమంది.

ఆ పూర్వీకుడు నాలుగు వందల ఏళ్ళ కిందటి స్కాట్లండ్ దొర. ఆవిడ అన్నగారు బతికుండగా అతని జీవితాన్ని పుస్తకంగా రాసి, ఇంటివాళ్ళ కోసం అచ్చు వేయించాడట. "మావాడు ఎవరికీ తల వంచలేదు, హనీ," అనేది ముసలావిడ, నేను పుస్తకం తెరిచిన ప్రతిసారీ.

పొరుగు కోట దొర ఇతని తండ్రిని చంపించాడు. ఇంకా మీసాలైనా సరిగా రాకముందే కోట ఇతని చేతికి వచ్చింది. ఇతను వెళ్ళి వాళ్ళ గడ్డివాములు తగలబెట్టాడు. వాళ్ళొచ్చి ఇతని పశువులను తోలుకుపోయారు. అప్పటినుంచి ఎక్కడ భోజనానికి కూర్చున్నా వీపు గోడకు, ముఖం తలుపుకు. ఆ వాక్యం దగ్గర నా నోరు ఆగిపోయింది. ఆవిడ హాల్లో అన్ని కుర్చీలుండగా నేను ఏరికోరి కూర్చున్నది గోడ పక్కన, తలుపుకు ఎదురుగా.

మాది రాయలసీమ. మా నాన్న కూడా అలాగే కూర్చునేవాడు. ఒక్కసారి, ఒక పెళ్ళిలో, బంతి మధ్యలో కూర్చున్నాడు. వెనక నుంచి వచ్చి నరికేశారు. ఆ తర్వాత పగ మా తమ్ముడి నెత్తిన పడింది. నన్ను మాత్రం ఎంత దూరమైతే అంత మంచిదని ఇక్కడికిచ్చి పంపేశారు.

ఆ చలికాలం తమ్ముడు ఫోన్ చేశాడు.

"వాళ్ళు రాజీకొస్తామంటాండారుకా. ఊరి పెద్దాయనింట్లో రెండు దిక్కులోళ్ళం ఒకే బంతిలో తినాలంట. మనోళ్ళు సగం మంది వద్దంటాండారు. నువ్వెట్ల చెప్తే అట్ల జేస్తా."

ఆలోచించి చెప్తానన్నాను. వద్దంటే వీడూ ఏదో ఒకరోజు నాన్నలాగే పోతాడు. సరేనంటే, నాన్నను చంపినవాడి పక్కన కూర్చుని అన్నం తినాలి. రెండూ నా గొంతు దిగలేదు. ఇంట్లో ఉండలేక ముసలావిడ దగ్గరికి మరింత పెందలాడే పోయేదాన్ని.

కానీ ఆ పుస్తకం మీద నాకు ఒళ్ళు మండడం మొదలైంది. అందులో ఎక్కడా ఆడవాళ్ళు లేరు. ఎవరెవరి ఇళ్ళు కాల్చారో ఉంది, ఆ ఇళ్ళలో పొయ్యి దగ్గర ఎవరున్నారో లేదు. ఒకరోజు పట్టలేక, లేని మాటలు చదివేశాను. "గుర్రాల చప్పుడు వినగానే దొర తల్లి పిల్లలను ధాన్యపు కొట్లోకి తోసి, చిన్నదాని నోరు మూసింది. గొడవ సద్దుమణిగాక వాకిట్లోకి వచ్చి, తిరిగొచ్చిన వాళ్ళలో కొడుకు ఉన్నాడా అని వెతుక్కుంది."

"మా అన్న ఇది రాయలేదే," అంది ముసలావిడ. దొరికిపోయాననుకున్నాను. కానీ ఆవిడ కుర్చీ నా దగ్గరికి జరుపుకుని, "మళ్ళీ చదువు," అంది.

చివరి అధ్యాయంలో రాజు ఇద్దరికీ సంధి చేయించాడు. తండ్రిని చంపించినవాడు ఒంటి చొక్కాతో, టోపీ తీసేసిన తలతో వచ్చి మోకాళ్ళ మీద కూర్చున్నాడు. కత్తి మొన తన చేత్తో పట్టుకుని, పిడి మన దొర వైపు చాచాడు. మన దొర అతన్ని లేపి కౌగిలించుకున్నాడు. మరుసటి ఏడాది దారి కాచి చంపాడు.

నేను కౌగిలింత దాకా చదివి, అక్కణ్ణుంచి సొంతంగా అందుకున్నాను. "తర్వాత దొర ఇంటికి వెళ్ళి, కుర్చీ గోడ దగ్గర్నుంచి జరిపి, తలుపుకు వీపు పెట్టి కడుపునిండా తిన్నాడు."

"చంపుతాడు, హనీ. చిన్నప్పటినుంచీ నాకు కంఠతా వచ్చు," అంది ఆవిడ. "ఈ దొర చోట మీ ఇంట్లో ఎవరున్నారు?"

"తమ్ముడు."

ఆవిడ చేత్తో తడుముకుని పుస్తకం మూసేసింది. "అయితే నువ్వు చదివిన చోటే ఆపుదాం."

ఆ సాయంత్రమే తమ్ముడికి ఫోన్ చేసి ఒప్పుకోమన్నాను. చెప్పేశాక ఆ రాత్రి అన్నం ముట్టలేదు.

రాజీ అయిన రోజు మాకు పొద్దున, వాళ్ళకు రాత్రి భోజనాల వేళ, ఫోన్ మోగింది.

"అయిపాయకా. ఒకే బంతిలో తింటిమి. ఆయప్ప చేతులు జోడిచ్చినాడు."

"ఇప్పుడేం చేస్తాండావురా?"

"ఆడ ముద్ద సరిగా దిగల్య. ఇంటికొచ్చి మళ్ళా తింటాండా. వాకిట్లో మంచం మీద, వీధికి వీపు పెట్టి. నాయన పోయినాంక ఇదే మొదటిసారికా."

వాడి గొంతులో నవ్వు ఎన్నేళ్ళకో విన్నాను. నేను కోరుకున్నది ఆ నవ్వే. కానీ వీధి వైపు తెరుచుకుని ఉన్న వాడి వీపు కళ్ళముందు కదిలింది.

"గోడకానుకోని కూర్చోరా!" అని అరిచాను.

ఫోన్‌లో మంచం ఈడ్చిన చప్పుడు వినిపించింది.