పట్టాల కింద మా పాతర

కడప జిల్లాలో రైలు పట్టాల కింద తాగునీటి గొట్టం వేసే పనిలో నాది కొలతల బాధ్యత. వెనక జాకీలు గొట్టాన్ని నెడుతుంటే, దాని లోపల కూర్చుని ఇద్దరు ముందున్న మన్ను తవ్వేవాళ్లు. బండి వచ్చేటప్పుడు తవ్వకం ఆపాలి. పట్టా వెంట్రుకవాసి దిగినా నేను చెప్పాలి.

ఒకప్పుడు ఆ నేల మాది. ఆ సంగతి నేనెవరికీ చెప్పుకోలేదు. మేస్త్రీకి మాత్రం తెలుసు. వాళ్ల పెద్దలు మా కళ్లంలో పనిచేసినవాళ్లు.

ఆ మధ్యాహ్నం తవ్వకం ఆగి ఉంది, జాకీలూ ఆగి ఉన్నాయి. అయినా పట్టా దిగుతోంది. తవ్వేవాళ్లను బయటికి పిలిచాను. వాళ్ల వెనకే గొట్టంలోంచి చల్లటి గాలి వచ్చింది. అందులో ముక్కిపోయిన జొన్నల వాసన.

"లోపల ఎవురో సంగటి కెలుకుతాండారు సామీ," అని మేస్త్రీ నవ్వాడు. గొట్టం దగ్గరికి మాత్రం పోలేదు.

ఆ వాసన దేనిదో నాకు తెలిసింది. అది పాతర. జొన్నలు దాచడానికి భూమిలో లోతుగా తవ్వి, మూతి కప్పి, పైన మన్ను పోసే గొయ్యి.

ఇంజనీరుకు చెప్పాను. "పట్టాలు వేసేటప్పుడే పూడ్చి ఉంటారు కదా?" అన్నాడు.

మేస్త్రీ అందుకున్నాడు. "అన్నీ తెరిచి, జొన్నలు బండ్లకెత్తి, మన్ను పూడ్చినారంట సార్. ఊరంతా నిలబడి చూసిందంట. శానా గొప్ప ఇల్లు."

"అయితే భయం లేదు. వచ్చే బండిని నిదానంగా పంపిద్దాం," అన్నాడు ఇంజనీరు.

మా అవ్వ చెప్పిన మాట మా ఇంటి గడప దాటలేదు. ఒక్కసారి నడుము నిటారు చేసుకున్నాను.

"ఒకటి పూడ్చలేదు. కరువులో అందులో గింజ మిగల్లేదు. ఖాళీ పాతర ఊరి ముందు తెరవలేక, మా వాళ్లు దాన్ని మూసే ఉంచారు. బండి ఆపించండి."

మేస్త్రీ నా ముఖం చూడకుండానే ఎర్రజెండా తీసుకుని పరిగెత్తాడు. మలుపు అవతల బండి ఆగింది.

ఆ తర్వాత పైనుంచి సన్నటి బెజ్జం వేసి సిమెంటు పాలు పోయించాం. పోస్తున్నంతసేపూ కంకర సందుల్లోంచి గాలి బుసబుస వచ్చింది, అదే వాసనతో, మా కాళ్ల చుట్టూ. పనివాళ్లు ఒక్కొక్కరే దూరం జరిగారు.

"ఇంకా తాగుతాండాదప్పా," అన్నాడు మేస్త్రీ. ఏనాడూ నన్ను 'సామీ' అనడమే తప్ప 'అప్పా' అని పిలిచినవాడు కాదు.

"పొయ్యండి," అన్నాను. "నిండేదాకా పొయ్యండి."