మూడో పిలుపు

మంగళవారం పొద్దున నరసరావుపేట నుంచి ఫోన్ వచ్చింది. "అన్నా, నాన్న పోయాడు. నిద్దర్లోనే. మధ్యాహ్నం తీసుకెళ్తారంట, వస్తావుగా" అంది పెదనాన్న కూతురు.

ఆయన నాకు చుట్టం కాదు. ఒకప్పుడు మేం అద్దెకున్న ఇంటి యజమాని. కోర్టులో డఫేదారుగా చేశాడు. జడ్జి గది గుమ్మంలో నిలబడి, సాక్షుల్నీ ముద్దాయిల్నీ పేరుపెట్టి మూడుసార్లు పిలవడం ఆయన పని. నేను పెదనాన్న అనేవాణ్ణి.

మా ఊరు గురజాల అవతల. నాకు పదహారేళ్ళప్పుడు ఊళ్ళో పార్టీ గొడవలో మా బాబాయి కాలు నరికారు. మా వైపు కుటుంబాలన్నీ ఊరొదిలి నరసరావుపేటకొచ్చాయి. మేం పెదనాన్న ఇంటి మేడమీద గదిలో దిగాం. నరకడం చూసిన సాక్షిని నేను. అవతలివాళ్ళు నన్ను ఎత్తుకుపోతారని మా నాన్న భయం. కాలేజీ మాన్పించాడు. పనిమీద బయటికెళ్తే గదికి బయట గొళ్ళెం పెట్టి వెళ్ళేవాడు. గదికి ఒకటే కిటికీ, వీధివైపు. కేసు వాయిదా పడినప్పుడల్లా నా శిక్ష పెరిగినట్టుండేది.

సాయంత్రం కోర్టు నుంచి రాగానే పెదనాన్న పైకొచ్చి గొళ్ళెం తీసేవాడు. లోపలికి వచ్చేవాడు కాదు, నన్ను బయటికి రానిచ్చేవాడూ కాదు. గుమ్మానికి అవతల మెట్టుమీద కూర్చునేవాడు. మొదటిరోజు నేను కాలు బయటపెట్టబోతే ఆపాడు.

"ఆడే ఉండు. మీ నాన్నకి మాటిచ్చా. కిటికీలోంచి ఇయ్యాల ఏం జూశావో చెప్పు."

"పాలాయన కోపంగా పోయాడు."

"కోపమని నీకెట్టా తెలుసు? నీతో చెప్పాడా?"

"లేదు."

"మరేం జూశావు?"

"ఎదురింటి అరుగు మీద క్యాను గట్టిగా పెట్టాడు. మూత కింద పడితే తీసుకోకుండా పోయాడు."

"అది చెప్పు. కోపమో, కడుపునొప్పో ఆయన్నడిగితే తెలుస్తది."

అదే మా ఆట. ఒకరోజు ఎదురింటామె అందంగా ముస్తాబైందన్నాను. "అందం సంగతి ఆమె మొగుడు చూసుకుంటాళ్ళే. చీర ఏం రంగు?" అన్నాడు. ఇద్దరం నవ్వుకున్నాం. పొద్దస్తమానం కిటికీ దగ్గర నిలబడి సాయంత్రానికి ఏం చెప్పాలా అని వెతుక్కునేవాణ్ణి. ఇప్పుడు చేస్తున్న విలేకరి ఉద్యోగం నేను నేర్చుకున్నది ఆ కిటికీ దగ్గరే.

ఆయన వెళ్ళాక మావాళ్ళు వచ్చేవాళ్ళు. అప్పుడు ఇంకో పాఠం. మా పల్నాటి ఊళ్ళలో రెండు పార్టీలకూ ఒక అలవాటుంది. ఫిర్యాదు రాయించేటప్పుడు కొట్టినవాళ్ళ పేర్లతోపాటు, అవతలి ఇళ్ళల్లో చదువుకునే కుర్రాడి పేరు కూడా కలుపుతారు. కేసుంటే ఉద్యోగం రాదు, ఆ ఇల్లు లేవదు. బాబాయి కేసులో అలా ఒక డిగ్రీ కుర్రాడి పేరు చేర్చారు. వాణ్ణి ఆరోజు నేను చూడలేదు. నరికింది ఇద్దరు. వాళ్ళని చూశాను.

"వాడి చేతిలో గొడ్డలుంది. యాదుంచుకో" అనేవాడు మా మామయ్య. "మీ బాబాయి కాలు గుర్తుకు తెచ్చుకుంటే నోటికి అదే వస్తది."

ఒక సాయంత్రం ఉండబట్టలేక అడిగాను. "పెదనాన్నా, ఒకవేళ చూడని మనిషిని చూశానని..."

ఆయన లేచి నిలబడ్డాడు. "కేసు మాట నా ముందర ఎత్తమాక. నేను కోర్టు మనిషిని. పిలవడం వరకే నా పని." తలుపు మూసి గొళ్ళెం పెట్టి దిగిపోయాడు. ఆ గొళ్ళెం చప్పుడు మా నాన్న పెట్టినప్పటికంటే గట్టిగా వినిపించింది. మర్నాడు మామూలుగానే వచ్చి, మెట్టుమీద కూర్చుని, "ఇయ్యాల ఏం జూశావురా?" అన్నాడు.

సాక్ష్యం రోజు కోర్టు వరండాలో మామయ్య నా మణికట్టు వదల్లేదు. పెదనాన్న తెల్ల డ్రెస్సు, ఎర్ర పట్టీతో గుమ్మంలోకి వచ్చి నా పేరు పిలిచాడు. రెండోసారి పిలిచాడు. "చెప్పిందే చెప్పు" అన్నాడు నాన్న. మూడోసారీ అదే గొంతు. ఆ గొంతులో ఇంటాయన లేడు.

ఎవర్ని పిలిచినా, మూడో పిలుపు తర్వాత కూడా ఆయన వెంటనే లోపలికెళ్ళి "లేరండి" అనేవాడు కాదు. "బస్సు ఆలస్యమై ఉంటది, పక్కకి పోయుంటాడు" అని వరండా వైపు చూస్తూ కాసేపు నిలబడేవాడు. ఆరోజూ అలాగే నిలబడ్డాడు. నేను చెయ్యి విడిపించుకుని వెళ్ళాను.

చూసిన ఇద్దరి పేర్లూ చెప్పాను. మూడో పేరు దగ్గర, చూడలేదన్నాను. సాక్షుల మాటలు ఒకదానికొకటి పొసగలేదని చివరికి కేసు మొత్తం కొట్టేశారు. ఆ కుర్రాడితోపాటు నరికినవాళ్ళూ బయటికొచ్చారు. బాబాయి కర్ర ఊతంతో కోర్టు మెట్లు దిగాడు. నా వంక చూడలేదు.

మావాళ్ళు గది ఖాళీ చేశారు. "నా కొడుకుని చెడగొట్టావు" అన్నాడు నాన్న పెదనాన్నతో. "నేను పిలిచానంతే" అన్నాడాయన. నన్ను రమ్మని ఎవరూ అనలేదు. అదే గదిలో ఉండి చదువుకున్నాను. గొళ్ళెం పెట్టేవాళ్ళు లేరు, వెళ్ళడానికి ఊరూ లేదు. కొన్నేళ్ళకు రెండు పార్టీలూ రాజీపడి ఒక పెళ్ళిలో కలిసి భోంచేశాయి. ఆ శుభలేఖ నాకు రాలేదు.

ఆయన రిటైరయ్యాక ఒకసారి అడిగాను, ఆరోజు నేను చెప్పింది సరైనదేనా అని.

"నేను గుమ్మం బయట ఉంటా. లోపలి మాట నాకు యినపడదు."

జడ్జి గది తలుపు ఎప్పుడూ బార్లా తెరిచే ఉండేది. ఆ సంగతి ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు.

మంగళవారం మధ్యాహ్నం శ్మశానానికి వెళ్ళే దారిలో పాడె దించారు. దింపుడు కళ్ళం. పోయిన మనిషిని చివరిసారి చెవిలో మూడుసార్లు పిలిచి చూసే చోటు. ఆయన అల్లుడు వంగి సన్నగా "మామయ్యా" అన్నాడు.

ఆయనతో పనిచేసిన పెద్దాయన ఒకరు నా భుజం తట్టాడు. "అట్టా గొణిగితే లేస్తాడా ఆయన? ఒరేయ్, నువ్వు పిలువు."

పెదనాన్నా అని మూడుసార్లు పిలిచాను. మోసేవాళ్ళు పాడె ఎత్తడానికి వంగారు.

"కాసేపు ఆగండి" అన్నాను.

వంగినవాళ్ళు చేతులు వెనక్కి తీసుకున్నారు. ఒక ఆటో మమ్మల్ని చూసి హారన్ కొట్టకుండా పక్కనుంచి పోయింది. అందరం ఆ రోడ్డుమీద, వచ్చిన దారివైపు చూస్తూ నిలబడ్డాం.