చదవనిదే సంతకం లేదు

ఏ కాగితమైనా సరే, మూడుసార్లు చదవకుండా క్రిస్టోఫర్ దాని మీద సంతకం పెట్టడు. ఆయన గోల్ఫ్ ఆడి బతికే మనిషి. ఇలాంటివాడు ఏ రిజిస్ట్రారు ఆఫీసులోనో కూర్చోవాలి గానీ పచ్చిక మీద ఏం పని అని ఆయన భార్య గ్లోరీ పెళ్లినాటి నుంచీ మండిపడుతూనే ఉంది.

పెళ్లినాటి నుంచీ అన్నది మాటవరసకి కాదు. రాయపూర్ రైల్వే కాలనీ చర్చిలో పాస్టరుగారు రిజిస్టరు తెరిచి, పెన్ను చేతికిచ్చి, "ఇక్కడ బాబూ" అన్నారు. క్రిస్టోఫర్ వంగి చదవడం మొదలుపెట్టాడు. తన పేజీ అయ్యాక వెనక్కి తిప్పి, అంతకుముందు పెళ్లయిన జంట పేజీ కూడా పట్టాడు.

"అది వేరేవాళ్లది బాబూ!"

"తెలుసండి. వీళ్లకి రెండో సాక్షి సంతకం లేదు. మీరెలా ఊరుకున్నారు?"

పాస్టరుగారు చెమట తుడుచుకున్నారు. బయట బిర్యానీ చల్లారింది. గ్లోరీ తల్లి దీనమ్మ ఆగలేక, "నువ్వు నచ్చలేదా ఏంటే అతనికి? ఇప్పుడా చెప్పడం!" అని పెళ్లికూతురి చెవిలోనే అడిగేసింది.

ఈ జబ్బు తండ్రి పాల్ నుంచి వచ్చింది. ఆయన వ్యాగన్ల రిపేరు షాపులో ఫిట్టరు. ప్రతి బోల్టునూ సుత్తితో కొట్టి, చప్పుడు విన్నాకగానీ సంతకం పెట్టేవాడు కాదు. కొడుక్కి మొదటి గోల్ఫ్ కర్ర కూడా ఆయనే పాత ఇనుపచువ్వ సాగగొట్టి చేసిచ్చాడు. దాంతో రైల్వే గ్రౌండులో ఒంటరిగా కొట్టి కొట్టి క్రిస్టోఫర్ ఆట నేర్చుకున్నాడు. కొట్టడమే వచ్చు, ఆట గురించి ఉపన్యాసం చెప్పమంటే ఈ రోజుకీ రాదు.

కూతురు పుట్టే రోజున ఆపరేషనుకి ఒప్పుకోలు కాగితం తెచ్చారు. గ్లోరీ స్ట్రెచరు మీద ఉంది. అది ఆమె నర్సుగా పనిచేసే ఆసుపత్రే.

"భయ్యా, జల్దీ కరో!" అని తోటి నర్సు తొందరపెట్టింది.

"రెండో పేరా అర్థం కాలేదమ్మా. అనుకోని పరిస్థితులు అంటే ఏ పరిస్థితులు?"

స్ట్రెచరు మీంచి గ్లోరీ అరిచింది. "ఏవండీ! ఆ కాగితం మీద నేను వెయ్యిమందితో పెట్టించాను. పెట్టండి!"

"ఆ వెయ్యిమందిలో ఒక్కడైనా చదివాడా?"

గ్లోరీ పెన్ను లాక్కుని, తన ఆపరేషనుకి తనే సంతకం పెట్టి, "ఇక తొయ్యండి" అంది.

భన్‌పురిలో లారీలకు టార్పాలిన్లు కుట్టించే సేఠ్ ఒకాయన, ఏడాదిపాటు ఆట ఖర్చంతా పెట్టుకుంటానని ముందుకొచ్చాడు. నాలుగు పేజీల ఒప్పందం. క్రిస్టోఫర్ మూడో పేజీలో ఆగిపోయాడు.

"కంపెనీ టోపీ అన్నివేళలా పెట్టుకోవాలని రాశారు. స్నానంలో కూడానా సేఠ్‌జీ?"

"అరే యార్, వో తో ఐసే హీ లిఖా హై!"

"ఊరికే రాసినదాని మీద నేను ఊరికే సంతకం పెట్టను."

ఆ టోపీ ఇంకో ఆటగాడి తలకెక్కింది. గ్లోరీ మూడు రోజులు ఆయనతో మాట్లాడలేదు. నాలుగోరోజు మాట్లాడింది. అదే ఎక్కువ కష్టమైంది.

గోల్ఫ్‌లో ఎవరి లెక్క వాళ్లు రాసుకోరు. పక్కన ఆడేవాడు స్కోరుకార్డులో రాస్తాడు. ఆట ముగిశాక డేరాలోకి వెళ్లి, సరిచూసుకుని, సంతకం పెట్టాలి. తక్కువ దెబ్బల్లో ముగించినవాడిదే గెలుపు. సంతకం పెట్టిన కార్డులో ఆడినదానికన్నా ఒక దెబ్బ ఎక్కువ పడితే అదే ఖాయం. ఒక దెబ్బ తక్కువ పడితే పోటీలోంచే బయటికి. ఎవరికైనా ఇది రెండు నిమిషాల పని. క్రిస్టోఫర్ డేరాలోకి వెళ్తే గంటన్నర. తోటివాళ్లను నమ్మడని ఊరూరా పేరు పడింది. జంషెడ్‌పూర్‌లో, పుణెలో ఎన్ని రైళ్లు తప్పిపోయాయో లెక్కలేదు.

"ఇవాళ ఎవరితో తగాదా?" అని గ్లోరీ ఫోనులో నిలదీస్తే ఆయనే ఎదురు ఎగిరేవాడు. "చదవకుండా పెట్టేస్తున్నారు గ్లోరీ! అంతంత చదువుకున్నవాళ్లు! సిగ్గుండక్కర్లా?"

పద్దెనిమిదేళ్లు ఇలాగే గడిచాయి. ఒక్క పెద్ద కప్పూ రాలేదు. ఏటా జరిగే అర్హత పోటీలో మొదటి ముప్ఫైమందికే ఆ ఏడాది ఆడే కార్డు ఇస్తారు. రెండేళ్లుగా అదీ దొరకలేదు. నలభై మూడేళ్లు వచ్చాయి. "ఈసారీ రాకపోతే ఇక చాలిస్తా" అని ఆయనే అన్నాడు. ఆ మాటకి ఏమని తిట్టాలో గ్లోరీకి తోచలేదు. ఆ ఏడు పోటీ నయా రాయపూర్‌లో పెట్టారని తెలిసి, సెలవు పెట్టి మొదటిసారి చూడటానికి వెళ్లింది.

చివరిరోజు ఆట ముగిసింది. బోర్డు మీద క్రిస్టోఫర్ ముప్ఫై ఒకటోవాడు. ఆయనతో కలిసి ఆడిన వైజాగ్ కుర్రాడు పృథ్వీ, రెండు దెబ్బల ముందు, ముప్ఫయ్యోవాడు. గ్లోరీకి కళ్లలో నీళ్లు రావాల్సింది, కోపం వచ్చింది. విసురుగా డేరా దగ్గరికి నడిచి, గుమ్మంలోనే ఆగిపోయింది.

క్రిస్టోఫర్ ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఉన్నాడు. ఆయన ముందు ఎనిమిదిమంది ఆటగాళ్లు, సంతకం పెట్టని స్కోరుకార్డులు పట్టుకుని, హెడ్మాస్టరు గది ముందు నిలబడ్డట్టు వరసగా నిలబడ్డారు.

"బంతి నీళ్లలో ఎక్కడైనా పడిందా?"

"పద్నాలుగో హోల్‌లో పడింది భయ్యా."

"ఆ దండగ దెబ్బ రాశాడా? వేలు పెట్టి చూపించు!"

గంటన్నర సంగతి ఇదన్నమాట. తన కార్డు చదువుకోవడానికి ఆయనకి అయిదు నిమిషాలు చాలు. మిగిలిందంతా వీళ్లది.

ఆ వరసలో నిలబడే ఓపిక లేక పృథ్వీ నేరుగా బల్ల దగ్గరికి పోయి పెన్ను తీశాడు. క్రిస్టోఫర్ పక్కనుంచి అతని కార్డులోకి తొంగి చూశాడు.

"ఆగరా! పదిహేడో హోల్ చదివావా?"

"చూశానన్నా, అంతా ఓకే."

"మూడని రాసుంది. నువ్వెన్ని కొట్టావు?"

పృథ్వీ వేళ్లు మడిచాడు. పెన్ను కింద పెట్టాడు. "నాలుగు."

"అయ్యో, నేనే తప్పు రాశాను!" అని గిరిధర్ తల పట్టుకున్నాడు. వాళ్లిద్దరితో కలిసి ఆడిన మూడోవాడు, పృథ్వీ లెక్క రాసింది అతనే.

బోర్డు అందరూ చూసే వచ్చారు. ఆ సంతకం పడి ఉంటే పృథ్వీ బయటికి, క్రిస్టోఫర్ ముప్ఫైలోకి.

"చూస్తారేంటి? దిద్దండి!"

దిద్దారు. అయినా పృథ్వీ ఒక్క దెబ్బ ముందే ఉన్నాడు. ఆ ఏడాది ఆడే కార్డు అతనిదే.

"అన్నా, మీరు ఊరుకుని ఉంటే..."

"ఊరుకోవడమేంట్రా? మైదానంలో నన్ను గెలిచినవాడివి, ఇక్కడికొచ్చి కాగితం చేతిలో ఓడిపోతావా? ఒళ్లు మండదూ నాకు!"

గ్లోరీ నోటిదాకా పద్దెనిమిదేళ్ల తిట్లు వచ్చి ఉన్నాయి. అవి ఎవరి మీద పారబోయాలో తెలియక నిలబడింది. అంతలో టోర్నమెంటు అధికారి గడియారం చూసుకుని, "క్రిస్టోఫర్ జీ, బస్ కీజియే. డేరా బంద్ కర్నా హై, జల్దీ జల్దీ సైన్ కరా దీజియే" అని తొందరపెట్టాడు.

గ్లోరీ అతని మీదికి తిరిగింది.

"క్యా జల్దీ హై సార్? ఇంకా ఏడుగురున్నారు, దిఖతా నహీఁ? చదవకుండా ఎలా పెడతారు!"

అని, కుర్చీ ఒకటి లాక్కుని మొగుడి పక్కన కూర్చుంది. వరసలో చివర నిలబడ్డ కుర్రాణ్ణి వేలితో పిలిచింది.

"నువ్విటు రా బాబూ. మొదటి హోల్ నుంచి చదువు. గట్టిగా!"