వెనక్కి రాని స్కాన్లు

ఉమ్మడి రాష్ట్రం రోజుల్లో నేను సికింద్రాబాద్‌లో ఒక ప్రైవేటు ఆస్పత్రి కంప్యూటర్ విభాగంలో పనిచేసేదాన్ని. రోగుల స్కాన్లన్నీ ఒక పెద్ద మెషీన్‌లో ఉండేవి. రోజూ సాయంత్రం వాటిని టేపు మీదికి కాపీ చేసేవాళ్లం. ‘బ్యాకప్ పూర్తయింది’ అని తెర మీద వచ్చేది. ఆ టేపులోంచి ఒక్క స్కానైనా తిరిగి తీసి చూసినవాళ్లు మాత్రం లేరు.

మా మేనేజర్‌ని అడిగాను. “సార్, వేరే మెషీన్‌లో టేపు పెట్టి, స్కాన్లు తిరిగి వస్తున్నాయో లేదో ఒకసారి చూద్దాం.”

“మంచిగ నడుస్తున్నదాన్ని ఎందుకు కెలుకుతవమ్మా? ఖరాబైతే అప్పుడు చూద్దాం. ఉత్తగ పరేషాన్ కాకు.”

“ఖరాబయ్యాక చూడ్డానికి ఏం మిగుల్తుంది సార్?”

ఆయన నవ్వి టీ తెప్పించాడు. తర్వాత కూడా అడిగాను. మీటింగులో మాట్లాడదామన్నాడు. ఆ మీటింగు జరగలేదు.

ఎండాకాలంలో ఒక పొద్దున, ఓపీ కిటకిటలాడుతుండగా, డిస్కులు పోయి మెషీన్ ఆగిపోయింది. టేపులు ఒకదాని తర్వాత ఒకటి పెట్టి చూశాం. అన్నీ ఖాళీ. ఎప్పుడో స్కాన్లు వేరే ఫోల్డర్‌లోకి మార్చారు. కాపీ ప్రోగ్రాం మాత్రం ఆ పాత ఖాళీ ఫోల్డర్‌నే రోజూ కాపీ చేస్తూ వచ్చింది.

“ఏందీ, గిట్లయింది?” అంటూ మేనేజర్ కుర్చీలో కూలబడ్డాడు. నాకు కోపం కూడా రాలేదు.

ఆ వారమే సీతాఫల్‌మండి నుంచి ఒక రిటైర్డ్ లెక్కల మాస్టారు భార్యతో వచ్చారు. ఆయన మెదడులో చిన్న గడ్డ. అంతకుముందు ఇక్కడే స్కాన్ తీసినప్పుడు, ఫిల్ములు అక్కర్లేదు, అన్నీ మా దగ్గర భద్రంగా ఉంటాయని మా ఆస్పత్రివాళ్లే చెప్పి పంపారు. డాక్టర్ కొత్త స్కాన్ చూసి, “పాతది లేకుండా పెరిగిందో లేదో ఎలా చెప్పను? కొన్నాళ్లాగి మళ్లీ తీద్దాం” అన్నారు.

మాస్టారు నా గది దాకా వచ్చారు. “ఏ మూలైనా ఉందేమో, ఇంకోసారి చూడమ్మా.”

చూస్తానన్నాను. ఎక్కడని చూడను?

ఆగి తీసిన స్కాన్‌లో గడ్డ బాగా పెరిగింది. ఇక ఆపరేషన్ కుదరదన్నారు. వానలు తగ్గకముందే ఆయన పోయారు.

తర్వాత ఏవో కాగితాల కోసం వచ్చి, ఆయన భార్య నన్ను గుర్తుపట్టారు.

“ఆ పాతది ఉండుంటే ముందే ఆపరేషన్ చేసేవారా అమ్మా? బతికేవారా?”

తెలియదన్నాను. డాక్టర్ కూడా అదే అన్నారట. తెలుసుకునే దారి ఆ డిస్కులతోనే పోయింది. నేనింకేమైనా అంటానేమోనని ఆవిడ కాసేపు అక్కడే నిలబడ్డారు.